పాప సొంతంగా కట్టుకుంటున్న మాటలను సరిదిద్దాలా, అలాగే వదిలేయాలా?

ప్రశ్న: విశాఖ అమ్మ

మా పాపకు వచ్చే నెలలో మూడేళ్ళు నిండుతాయి. ఇంట్లో నేను, మావారు, మా అత్తగారు, మామగారు ఉంటాము. అందరమూ పాపతో తెలుగులోనే మాట్లాడతాము. ఏడాది దాటిన కొత్తలో బువ్వ, లాల, జేజ, బూచి అని ఒక్కొక్క మాటే పలికేది. రెండేళ్ళు రాకముందే "నాన్న బండి", "బువ్వ వద్దు" అంటూ రెండేసి మాటలు కలపడం మొదలుపెట్టింది. ఇప్పుడు నిద్ర లేచినది మొదలు పడుకునే దాకా వాక్యాలే. వాటిలో నాకు నచ్చినవాటిని ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. రాస్తున్నకొద్దీ సంతోషంతో పాటు కొన్ని సందేహాలు కూడా పెరిగాయి కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇది. రెండేళ్ళ వయసులో పాప "ఇంట్లో", "నోట్లో", "పళ్ళు" అని చక్కగా పలికేది. ఈమధ్య "బొమ్మ ఇల్లులో ఉంది", "నోరులో పెట్టు", "నా పన్నులు తోముకున్నాను" అంటోంది. మా ఇంట్లో ఎవరమూ అలా అనము. వచ్చిన మాట పోయి, ఎవరూ అనని మాట ఎక్కడి నుంచి వస్తోందో నాకు అర్థం కావడం లేదు.

వీధిలో కుక్కలు కనిపిస్తే "ముగ్గురు కుక్కలు వచ్చారు" అంటుంది. కాకులను చూసి మాత్రం "రెండు కాకులు వచ్చాయి" అని సరిగ్గానే చెబుతుంది. కుక్కల విషయంలో ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోదు. నేను మావారిని "ఏమండీ" అని పిలుస్తాను కాబట్టి తానూ తండ్రిని "ఏమండీ, నన్ను ఎత్తుకోండి" అంటుంది. జరిగిపోయినదంతా తనకు "నిన్న", జరగబోయేదంతా "రేపు". "నిన్న నేను చిన్నపాపను, రేపు నేను నాయనమ్మను అవుతాను" అని మా అత్తగారితో చెప్పింది.

కొన్ని మాటలు వింటే అందులో తప్పు ఏదీ కనిపించదు, ఆలోచన కనిపిస్తుంది. ఎండాకాలంలో పాపకు వీపంతా చెమటకాయలు వస్తే మా అత్తగారు గంధం అరగదీసి రాశారు. ఆ తరువాత సింహాచలం తీసుకువెళ్ళినప్పుడు, గంధం పూతలో ఉన్న స్వామిని చూసి "జేజకు కూడా చెమటకాయలు వచ్చాయా?" అని అడిగింది. రామకృష్ణా బీచ్‌లో చాలాసేపు అలలను చూసి "సముద్రం ఎప్పుడు పడుకుంటుంది?" అంది.

ఇవి విని ఇంట్లో అందరూ నవ్వుతారు. చుట్టాలు వస్తే "ఏదీ, ఆ కుక్కల మాట చెప్పమ్మా" అని మళ్ళీ చెప్పిస్తారు. అలా చెప్పించినప్పుడు పాప నా వెనక దాక్కుంటుంది. తప్పు పలికిన ప్రతిసారీ ఆపి సరిచేయాలని, లేకపోతే అదే స్థిరపడిపోతుందని మా బంధువు ఒకరు అంటున్నారు. వచ్చే సంవత్సరం చేర్చాలనుకుంటున్న ప్లేస్కూలులో, ఇప్పటి నుంచే ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడమని సలహా ఇచ్చారు. పాప భాషలో నిజంగా వెనకబడుతోందా? ఈ మాటలను మేము ఎలా అందుకోవాలి? నోటుబుక్కులో ఏమేమి రాసి పెట్టుకుంటే తరువాత ఉపయోగపడుతుంది?

సమాధానం: తెనాలి మాస్టారు

అమ్మా, నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. ధైర్యంగా ఉండండి. "ఇల్లులో" అన్న రోజున మీ పాప తెలుగు వ్యాకరణంలో ఒక పెద్ద మెట్టు ఎక్కింది.

రెండేళ్ళప్పుడు పాప "ఇంట్లో" అన్నది, నిజమే. కానీ ఆ వయసులో "ఇల్లు" ఒక మాట, "ఇంట్లో" దానితో సంబంధం లేని మరొక మాట. రెండింటినీ విన్నది విన్నట్టు, విడదీయకుండా దాచుకుంది. ఆ తరువాత బడి, బడిలో, బండి, బండిలో, గిన్నె, గిన్నెలో, సంచి, సంచిలో అని మీరందరూ రోజంతా అంటుంటే విని, పేరుకు "లో" చేరిస్తే లోపల అనే అర్థం వస్తుందని తనంతట తానే కనిపెట్టింది. ఆ సూత్రాన్ని ఇల్లుకూ నోరుకూ వర్తింపజేసింది. చిక్కల్లా మన భాషలో ఇల్లు, నోరు, కన్ను, పన్ను, రోలు, ఏరు వంటి కొన్ని మాటలు విభక్తి చేరేముందు రూపు మార్చుకుని ఇంటి, నోటి, కంటి, పంటి, రోటి, ఏటి అవుతాయి. వీటిని ఔపవిభక్తికాలు అంటారు. హైస్కూలు పిల్లలకు ఆ పాఠం చెప్పడానికి నేను నల్లబల్ల నిండా ఉదాహరణలు రాసేవాడిని. మూడేళ్ళు నిండని పసిపిల్ల సూత్రాన్ని పట్టుకుని, మినహాయింపుల దగ్గర మాత్రమే ఆగిపోతే అది ఆ వయసుకు ఎంతో గొప్ప విషయం.

"పన్నులు" కూడా ఇదే దారి. ఆవులు, బొమ్మలు, చెప్పులు అన్నట్టే పన్నులు. పళ్ళు అన్నది మినహాయింపు. శిస్తు అనే అర్థంలో ఇదే మాటకు పెద్దలమందరమూ "పన్నులు" అనే బహువచనమే వాడుతున్నాము. కాబట్టి పాప కట్టిన రూపంలో తెలుగుదనానికి వచ్చిన లోపం ఏమీ లేదు.

నాకు ఎక్కువ ముచ్చట కలిగించినది కుక్కల మాట. "ముగ్గురు కుక్కలు వచ్చారు" అన్నప్పుడు పాప ముగ్గురు అనే లెక్కకు వచ్చారు అనే క్రియను సరిగ్గా జత చేసింది. "రెండు కాకులు వచ్చాయి" అన్నప్పుడు కూడా అంతే. ఎక్కడా "ముగ్గురు వచ్చాయి" అనలేదు. మనుషులకు ఒక లెక్క, తక్కినవాటికి మరొక లెక్క అనే విభజన తనకు బాగా తెలుసు. కుక్కలను ఏ పక్కన చేర్చాలన్న దగ్గరే మనకూ తనకూ తేడా. ఇందులో మన భాష చేసే తికమక కూడా కొంత ఉంది. ఏకవచనంలో "నాయనమ్మ వచ్చింది", "కుక్క వచ్చింది", రెండింటికీ క్రియ ఒకటే. బహువచనంలో మాత్రం నాయనమ్మలు వచ్చారు, కుక్కలు వచ్చాయి. ఒక్కరుగా ఉన్నప్పుడు కలిసి ఉన్నవాళ్ళు ముగ్గురయ్యేసరికి ఎందుకు విడిపోవాలో పసిపిల్లకు ఎలా తెలుస్తుంది? పైగా వీధికుక్క పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది, కాకి పలకదు. పిల్లి, ఆవు, దూడ కనిపించినప్పుడు పాప ఏ లెక్క వాడుతోందో గమనించి రాయండి. ఏయే ప్రాణులను తనవాళ్ళుగా లెక్కపెడుతోందో దానిలో తెలిసిపోతుంది.

ఇక "ఏమండీ" సంగతి. మన ఇళ్ళలో పెద్దలు పిల్లల ఎదుట వరుసలను పిల్లల వైపు నుంచి చెప్పడం పాత అలవాటు. తల్లి తన అన్నను చూపిస్తూ "అదిగో మావయ్య" అనే అంటుంది. మీరు మీవారిని నేరుగా పిలిచేటప్పుడు ఏమండీ అనే అనండి. పాపతో చెప్పేటప్పుడు మాత్రం "నాన్నగారిని పిలువమ్మా", "నాన్నగారికి ఇచ్చి రా" అనండి. ఒకే మనిషిని ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా పిలవవచ్చునని తెలుసుకోవడం పసిమనసుకు చిన్న పని కాదు. కొంత సమయం ఇవ్వండి.

సమాధానం: హైదరాబాదు స్పీచ్ థెరపిస్టు

మాస్టారుగారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, నా వృత్తి వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను. మొదట సరిగ్గా పలికి, తరువాత తప్పి, మళ్ళీ సరైన రూపానికి రావడం అన్ని భాషల పిల్లలలోనూ కనిపిస్తుంది. పిల్లలు విన్నదాన్ని అప్పజెప్పడంతో ఆగకుండా సూత్రాలు కట్టుకుంటారని చూపించడానికి 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక ప్రయోగం చేశారు. పక్షిని పోలిన ఒక కొత్త బొమ్మను చూపించి దాని పేరు "వగ్" అని చెప్పారు. తరువాత అలాంటివే రెండు చూపించి ఇవి ఏమిటని అడిగారు. చాలామంది పిల్లలు "వగ్స్" అన్నారు. అది ఆవిడ కల్పించిన పేరు. దాని బహువచనాన్ని వాళ్ళు అంతకుముందు ఎవరి నోటా వినే అవకాశమే లేదు. మీ పాప "పన్నులు" అన్నదీ అదే శక్తితో.

సరిదిద్దే విషయానికి వస్తే, తల్లిదండ్రులు వ్యాకరణాన్ని సరిదిద్దడం వల్ల పిల్లలు భాష నేర్చుకుంటారనే నమ్మకం చాలా బలంగా ఉంది. హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్, కామిల్ హాన్లన్ ఇళ్ళలో జరిగే సంభాషణలను పరిశీలించి 1970లో ప్రచురించినదాని ప్రకారం, తల్లిదండ్రులు పిల్లల మాటకు అవునని గానీ కాదని గానీ అనేది ఆ మాట నిజమా కాదా అన్నదాన్ని బట్టే. వ్యాకరణాన్ని బట్టి మెచ్చుకోవడం, కాదనడం జరగలేదు. అయినా ఆ పిల్లలు పెరిగి శుభ్రంగా మాట్లాడారు. మీ ఇంట్లో కూడా పాప "ఇల్లులో బొమ్మ ఉంది" అంటే, బొమ్మ నిజంగా అక్కడ ఉందా లేదా అన్నదానికే మీరు సహజంగా జవాబు చెబుతారు. ఆ సహజమైన పద్ధతినే కొద్దిగా ఉపయోగించుకోండి. "అవునమ్మా, ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఎక్కడ ఉంది? మంచం కిందా?" అని సంభాషణను కొనసాగించండి. సరైన రూపం రెండుసార్లు పాప చెవిన పడింది, తన మాట ఎక్కడా తెగలేదు. "ఇంట్లో అను, ఏదీ అను" అని నిలబెట్టి పలికించవద్దు. అలా చేస్తే పిల్లలు తప్పు మానకపోగా మాట్లాడడమే తగ్గిస్తారు.

చుట్టాల ముందు చెప్పించడం వెంటనే ఆపించండి. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను. పాప మీ వెనక దాక్కుంటోందంటే తనకు అది ఇష్టం లేదని అర్థం. పాప నవ్వించాలనే ఆ మాట అని ఉంటే మీరందరూ కలిసి నవ్వండి. తాను నిజంగా అడిగిన ప్రశ్నకు మాత్రం నవ్వు జవాబు కాకూడదు. సముద్రం ఎప్పుడు పడుకుంటుందని అడిగినప్పుడు "సముద్రం పడుకోదమ్మా, గాలి నీళ్ళను తోస్తూనే ఉంటుంది, అందుకే అలలు వస్తూనే ఉంటాయి" అంటే ఆ వయసుకు చాలు. స్వామి గంధం గురించి అడిగినప్పుడు, తనకు చల్లగా ఉండాలని నాయనమ్మ రాసిన సంగతిని గుర్తుచేసి, స్వామికి కూడా చల్లగా ఉండాలని పూస్తారని చెప్పవచ్చు. పాప రెండు అనుభవాలను కలిపి ఒక కారణాన్ని ఊహించింది. నాకు అందులో మంచి తర్కం కనిపిస్తోంది.

నిన్న, రేపు అనే మాటల విషయంలో కూడా పాప సగం దారి దాటింది. జరిగినదానికి రేపు అని, జరగబోయేదానికి నిన్న అని అనడం లేదు కదా. దిక్కు తెలిసింది, దూరం తెలియలేదు. ఆ దూరం చాలామంది పిల్లలకు బడి వయసులో గానీ స్థిరపడదు.

ప్లేస్కూలు సలహా విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదు, ఇంగ్లీషు రావడం మంచిదే. అయితే మీరు ఏ భాషలో హాయిగా, వివరంగా, కథలుగా మాట్లాడగలరో ఆ భాషను వదిలి, "కమ్", "సిట్", "ఈట్" అనే పొడి మాటలకు దిగితే పాప వినే భాష చిక్కిపోతుంది. తెలుగులోనే మాట్లాడండి. ఫోను, టీవీ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలను పాటించడం మంచిది. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంటకు మించకూడదని, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదని అందులో ఉంది.

మీ పాప విషయంలో ఆందోళన అవసరం లేదు. చదివే ఇతర తల్లిదండ్రుల కోసం మాత్రం ఒక మాట. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపకపోవడం, పిలిస్తే తిరగకపోవడం, వచ్చిన మాటలు పూర్తిగా ఆగిపోవడం వంటివి కనిపిస్తే "మగపిల్లలకు మాట ఆలస్యమేలే" అని కూర్చోకుండా ముందు వినికిడి పరీక్ష చేయించండి. "ఇంట్లో" బదులు "ఇల్లులో" అనడం వేరు, మాటే ఆగిపోవడం వేరు. రెండవదాన్ని ఎప్పుడూ తేలికగా తీసుకోకూడదు.

సమాధానం: ఖమ్మం అంగన్‌వాడీ టీచరు

థెరపిస్టు మేడంగారు చెప్పిన పరీక్షల గురించి ఒక సమాచారం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ కేంద్రాలకు వచ్చి పిల్లలను చూడాలి. వినికిడి, మాట, ఎదుగుదలలో తేడా కనిపిస్తే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి ఉచితంగా పంపిస్తారు. ఈ సంగతి తెలియక చాలామంది ఆలస్యం చేస్తారు.

మీ పాప లెక్కల గురించి మీరు రాయలేదు గానీ, ఈ వయసులో గమనించవలసినది అది కూడా. మా కేంద్రంలో పిల్లలు పది వరకు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. "మూడు వంకాయలు ఇవ్వు" అంటే మాత్రం చేతికి వచ్చినన్ని ఇస్తారు. వరుసగా చెప్పడం, లెక్కపెట్టడం వేరువేరని అప్పుడు తెలుస్తుంది. ముందు "ఒకటి ఇవ్వు" అంటే సరిగ్గా ఇస్తారు, కొన్ని నెలలకు రెండు, ఆ తరువాత మూడు. ఒక్కొక్క అంకె అర్థం విడిగా తెలుస్తూ వస్తుంది. కొంచెం పెద్ద పిల్లలు "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై పది" అంటారు. అది విన్నప్పుడు నేను ఆపను. ఇరవై దాటిన తరువాత అంకెలు ఎలా కడతారో ఆ పిల్లకు తెలిసిందని సంతోషించి, "ఇరవై పదికి ముప్పై అని పేరు" అని చెబుతాను. వెంటనే "ముప్పై ఒకటి" అని అందుకుంటారు. ఇంట్లో ఉల్లిపాయలు, గరిటెలు, మడతపెట్టే బట్టలు లెక్కపెట్టించండి. చింతగింజలు, బటానీలు మాత్రం ఈ వయసు పిల్లల చేతికి ఇవ్వవద్దు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

సమాధానం: డాలస్ నాన్న

నోటుబుక్కు గురించి అడిగారు కాబట్టి దాని గురించే రాస్తాను. మా అబ్బాయికి నాలుగేళ్ళు. ఇంట్లో తెలుగు, డేకేర్‌లో ఇంగ్లీషు. వాడి మాటలను నేను రెండేళ్ళ వయసు నుంచి రాస్తున్నాను. తేదీ, ఆ రోజుకు బిడ్డ వయసు ఎన్ని సంవత్సరాల ఎన్ని నెలలో తప్పనిసరిగా రాయండి. దానితో పాటు, ఆ మాటకు ముందు ఎవరు ఏమన్నారో, ఎదురుగా ఏమి ఉందో రాయండి. అది లేకపోతే కొన్నాళ్ళకు ఆ మాట వింతగా మాత్రమే మిగులుతుంది, ఎందుకు అన్నాడో తెలియదు. మీ గంధం సంగతినే చూడండి. చెమటకాయలకు నాయనమ్మ గంధం రాసిన విషయం మీరు రాయకపోతే పాప ప్రశ్నలోని తెలివి మాకు అందేది కాదు. పాప పలికినదాన్ని పలికినట్టే రాయండి, మనకు తోచినట్టు సవరించి రాయవద్దు. నవ్వు తెప్పించిన మాటలతో పాటు మామూలు మాటలు కూడా కొన్ని రాయండి. "ఇంట్లో" మళ్ళీ ఏ నెలలో వచ్చిందో తెలియాలంటే అవి ఉండాలి.

చార్లెస్ డార్విన్ ఇటువంటి పనే చేశారు. 1839లో పుట్టిన తన పెద్ద కొడుకు గురించి రాసుకున్న పరిశీలనలను 1877లో ఒక పత్రికలో ప్రచురించారు. ఏడాది వయసులో ఆ పిల్లవాడు ఆహారానికి "మమ్" అనే మాటను తానే కల్పించుకున్నాడు. ఆ తరువాత చక్కెరను "షు-మమ్" అన్నాడు. అతిమధురం మిఠాయి నల్లగా ఉంటుంది కాబట్టి దాన్ని "బ్లాక్-షు-మమ్" అన్నాడు. ముప్పై ఏడేళ్ళ తరువాత కూడా డార్విన్ వీటిని ఇంత వివరంగా చెప్పగలిగారంటే అప్పటికప్పుడు రాసి పెట్టుకున్నందువల్లే.

రెండు భాషల ఇళ్ళ గురించి కూడా ఒక మాట. వెర్నర్ లియోపోల్డ్ అనే భాషావేత్త అమెరికాలో తన కూతురితో తాను జర్మన్‌లో మాట్లాడుతూ, తల్లి ఇంగ్లీషులో మాట్లాడుతుండగా, ఆ పాప మాటలన్నింటినీ రాసి 1939 నుంచి 1949 వరకు నాలుగు సంపుటాలుగా వెలువరించారు. మొదట్లో ఆ పాప రెండు భాషలను కలిపి వాడి, క్రమంగా విడదీసుకుంది. మా వాడు కూడా "నేను జంప్ చేశాను", "బాల్ రోల్ అయిపోయింది" అంటాడు. ఇంగ్లీషు మాట వెనక చేశాను, అయిపోయింది అనే తెలుగు క్రియలను ఎక్కడ ఏది రావాలో తప్పకుండా చేరుస్తాడు. తాను చేసినదానికి ఒకటి, దానంతట అది జరిగినదానికి మరొకటి. అందుకని దాన్ని నేను కల్తీగా చూడను. "అవును నాన్నా, ఎంత ఎత్తు దూకావు!" అని తెలుగు మాట అందిస్తాను. కొన్ని అందుకుంటాడు, కొన్ని అందుకోడు.

విశాఖ అమ్మ

అందరికీ నమస్కారాలు. పిల్లి వచ్చినప్పుడు గమనించాను మాస్టారూ, "పిల్లి ఒకరే వచ్చారు" అంది! ఆవులకు మాత్రం "రెండు ఆవులు". చుట్టాల ముందు చెప్పించవద్దని మామగారే అందరికీ చెప్పారు. నోటుబుక్కులో ఇప్పుడు మా అత్తగారు కూడా రాస్తున్నారు, నేను ఆఫీసులో ఉన్న సమయంలో వచ్చే మాటలు అన్నీ ఆవిడకే దొరుకుతాయి.

ఇంకొక సందేహం. పాప వాళ్ళ నాన్నతో బజారుకు వెళ్ళి వచ్చి నాతో "మనం బజారుకు వెళ్ళాం, నువ్వు రాలేదు" అంటుంది. నేను వెళ్ళలేదని తనకు తెలుసు, అయినా "మనం" అంటుంది. "మేము" అనే మాట ఇంతవరకు తన నోట వినలేదు. ఇది ఎందుకు?

తెనాలి మాస్టారు

అమ్మా, పాప ఎక్కడ కూర్చుని వింటోందో ఆలోచించండి. మీరు పాపతో మాట్లాడేటప్పుడు "మనం స్నానం చేద్దాం", "మనం తాతగారి దగ్గరకు వెళ్దాం" అనే అంటారు. తనను కలుపుకొని చెప్పే ప్రతి మాటలోనూ "మనం" ఉంటుంది. "మేము" అనేది తనను వదిలిపెట్టినప్పుడు మాత్రమే తనకు వినిపించే మాట. తాను ఉన్న గుంపుకు "మేము" అనే పేరు ఎవరూ తనకు ఎదురుగా పెట్టలేదు. ఎదుటి మనిషిని బట్టి ఆ మాట మారుతుందని తెలియాలంటే, తానూ ఇంకొకరూ ఒక పక్కన, వినేవారు మరొక పక్కన ఉన్న సందర్భాలు ఎక్కువగా కావాలి.

బజారు నుంచి తండ్రీకూతుళ్ళు వచ్చినప్పుడు మీరు, మీ అత్తగారు కలిసి "మీరు బజారుకు వెళ్ళారా? మేము ఇంట్లో పప్పు వండాము" అనండి. మీవారు పాపను ఎత్తుకుని "మేము అరటిపళ్ళు తెచ్చాము" అని పాప తరపున కూడా జవాబు చెప్పాలి. పాప ఆ "మేము"లో తానూ ఉన్నానని గమనించడానికి వీలుగా, తన చేతిలోనే ఒక అరటిపండు పెట్టి మీకు ఇప్పించమనండి. పిల్లిని "ఒకరే" అన్న మాట తేదీతో సహా రాసి ఉంచండి.